గుండెల మీద ‘జాగ్రత్త’

నేనొక ప్రశ్న అడిగి ఇన్నేళ్ళయింది. ఔనో కాదో చెబితే చాలు. మేస్త్రీ ఎంకన్నను అడిగితే బస్సు వచ్చిందన్నాడు. వంట చేసిన సమ్మక్కను అడిగితే నవ్వి ఊరుకుంది. ఇక మీ ముందు పెట్టడమే మిగిలింది. ముందుగా నేను పడిన వైనం వినండి. నవ్వుకోవచ్చు. అందరూ నవ్వారు, మీరు మాత్రం ఎందుకు ఆగాలి?

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులు. భద్రాచలానికి గోదావరి ఇవతల, సారపాక దగ్గర అడవి అంచున క్వార్టర్లు కడుతుంటే నన్ను సేఫ్టీ సూపర్‌వైజరుగా వేశారు. మాది ఆంధ్రా సరిహద్దున మధిర వైపు. ఎవరూ జారకుండా, తట్టుకోకుండా, పడకుండా చూడటం నా ఉద్యోగం. "హెల్మెట్ ఏది? బూట్లేవి? పరుగెత్తకు!" పొద్దస్తమానం నా నోట ఇవే మాటలు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా సైటులో అది తిరగబడింది. నేను వస్తుంటే బీడీలతో పాటు మాటలూ ఆరిపోయేవి. మధ్యాహ్నం వాళ్ళంతా ఇప్పచెట్టు కింద గుండ్రంగా కూర్చుని కూరలు మార్చుకునేవాళ్ళు. నేను రేకుల గదిలో నా క్యారేజీతో ఒక్కణ్ణే. నా దొండకాయ వేపుడు ఎలా ఉందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అది నేను మరిచిపోలేదు.

నా గది ముందు కాలువ తవ్వి, దాటడానికి చెక్కలు వేశారు. మిక్సర్ కడిగిన సిమెంటు నీళ్ళు ఆ చెక్కల మీదుగానే పారేవి. మళ్ళించండయ్యా అని మొత్తుకున్నాను. ఎవరూ వినలేదు. చివరికి నేనే ఒక రేకు మీద ఎర్రరంగుతో ‘జాగ్రత్త’ అని రాసి చెక్కల పక్కన పాతాను.

ఎంకన్న చూసి పెదవి విరిచాడు. "గిదేంది సారూ? పైలం అని రాయుండ్రి. మావోళ్ళకు చటుక్కున తెలుస్తది."

"పైలం అనేది రాతలో వాడే మాట కాదు."

"నోట్ల ఉన్న మాట రాస్తే రంగు అంటుకోదా సారూ?"

"జాగ్రత్త అంటే జాగ్రత్తే!"

స్లాబు పోసే రోజు వచ్చింది. ఆ రోజు యాటపోతును కోసి అందరికీ పలావ్ పెట్టడం అక్కడి ఆనవాయితీ. పొద్దున్నుంచీ మసాలా వాసన నా గదిలోకి వచ్చి పోతోంది. మనుషుల కన్నా దానికే మర్యాద ఎక్కువ. పిలవని పేరంటానికి నేను వెళ్ళను. కానీ ఆ రోజు క్యారేజీ తెచ్చుకోలేదు. ఇంకోటి, మీలోనే ఉంచుకోండి: తల దువ్వుకున్నాను. హెల్మెట్ తీసి మేకుకు తగిలించాను. విస్తరి ముందు బూట్లతో ఏం బాగుంటుందని హవాయి చెప్పులు వేసుకున్నాను. అలా తయారై, ఎటో చూస్తున్నట్టు గుమ్మంలో నిలబడ్డాను.

అవతల మిక్సర్‌లో కంకర, నీళ్ళు పోసి తిప్పి కడుగుతున్నారు. చెవులు చిల్లులు పడే మోత. ఆ మోతలోంచి ఎంకన్న చెయ్యి ఊపుతూ అరిచాడు:

"పలావ్ సారూ!"

నా గుండె పూరీలా పొంగింది. అడుగు ముందుకు వేశాను.

"పలావ్! పలావ్ సారూ!" సమ్మక్క గరిటె ఎత్తి మరీ పిలుస్తోంది. సెంట్రింగ్ వాళ్ళూ గొంతు కలిపారు. నా మీద ఇంత ప్రేమ ఎక్కడ దాచుకున్నారో!

"అంత బతిమాలాలా? వస్తున్నానయ్యా!" అని పరుగందుకున్నాను.

చెప్పేవి భద్రాచలం నీతులు, పడేది సిమెంటు బురదలో. ఒక చెప్పు గోదావరి వైపు, ఇంకోటి గుట్టల వైపు ఎగిరాయి. పడుతూ పడుతూ పట్టుకోవడానికి దొరికింది నా బోర్డు ఒక్కటే. అదీ ఊడి నాతోపాటే వచ్చింది. కాలువలో వెల్లకిలా నేను, నా గుండెల మీద ‘జాగ్రత్త’.

మిక్సర్ ఆగింది. సమ్మక్క గొంతు స్పష్టంగా వినిపించింది: "పైలం, పైలం అని మొత్తుకుంటుంటే ఉరికొస్తడేంది గీయన!"

మర్నాడు దవాఖానాలో కాలికి కట్టుతో పడుకుని ఉంటే ఎంకన్న చూడవచ్చాడు.

"పైలం అంటే పలావ్ అనుకున్నరా సారూ? మేము దాన్ని బగారా అంటం గద!"

"మరి బగారా వండారా?"

"అవ్, వండినం."

"నన్ను పిలుద్దామనుకున్నారా?"

ఎంకన్న కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. "బస్సొచ్చింది సారూ" అని లేచాడు. నా మంచం మీంచి కూడా ఆ రోడ్డు కనబడుతుంది. బస్సు లేదు.

కాబట్టి భద్రాద్రి వైపు తిరిగి, అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట నన్ను ఎవరు భోజనానికి పిలిచినా, ఏమన్నారో మళ్ళీ చెప్పించుకుని, బూట్లు వేసుకుని, నడిచే వెళతాను.

ఇంతవరకూ ఎవరూ పిలవలేదనుకోండి, అది వేరే సంగతి.

ఎంకన్నా, సమ్మక్కా! మీరు చదివినా, ఎవరైనా చదివి వినిపించినా, ఈసారి బస్సు సంగతి ఎత్తకుండా జవాబు చెప్పండి. ఆ రోజు ఇప్పచెట్టు కింద నాకో విస్తరి వేశారా, లేదా?