గుమ్మం ముందు ఐదో జత

మా వదినకు పులన్నా భయం లేదు, దయ్యమన్నా భయం లేదు. కవరంటే భయం. చిన్న కిటికీ ఉండి, అందులోంచి ఇంటిపేరుతో సహా మా అన్నయ్య పేరు అచ్చులో కనిపిస్తుంటుందే, ఆ తెల్ల కవరు.

ఆవిడను తప్పుపట్టలేం. ఈ దేశంలో ఎవరూ అరవరు. అరిస్తే ఎంత బాగుండును! మనమూ నాలుగు అరిచి, సాయంత్రానికల్లా మళ్ళీ పలకరించుకునేవాళ్ళం. ఇక్కడ ఉత్తరాలు రాస్తారు. మేం కుర్చీ జరిపితే చప్పుడైందని కింది వాటా ఆవిడ ఉత్తరం రాస్తుంది. మర్నాడు లిఫ్టులో ఎదురైతే పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంది. వచ్చిన కొత్తలో ఆ నవ్వు చూసి, ఎంత మంచి మనిషో అనుకున్నాను. "ఆ నవ్వు నవ్విందా? అయితే కవరొస్తుంది చూడు," అంది వదిన. రెండో రోజున వచ్చింది.

వదిన ఒక బట్టల దుకాణం వెనక గదిలో కుట్టుపని చేస్తుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావెక్కిన వాళ్ళ కోట్లు వదులు చేయడం. పద్నాలుగేళ్ళుగా ఈ ఊరివాళ్ళ నడుములు కొలుస్తోంది గానీ ఒక్కరి పేరూ తెలియదు. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి మాట్లాడాల్సిన పని తప్పిందని సంతోషిస్తుంది. ఇంటికొచ్చాక మాత్రం ఆ బాకీ అంతా మా మీద తీర్చుకుంటుంది.

ఉన్నవి రెండు గదులు, నాలుగో అంతస్తు. ఇళ్ళ ఆఫీసువాళ్ళు ఇచ్చిన కాగితంలో నలుగురికని రాసుంది. అన్నయ్య, వదిన, వాళ్ళ కూతురు, మా అమ్మ. లెక్క సరిపోయింది. ఐదోదాన్ని నేను. ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది, పది రోజులుండి గది చూసుకుంటానని సూట్‌కేసుతో దిగాను. ఎనిమిది నెలలైంది. నలుగురికి మించి ఒక్కరున్నా ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఇల్లు పోతే అడ్రసు పోతుంది, అడ్రసు లేకపోతే అన్నయ్య పని పర్మిట్ మళ్ళీ రాయరు. అన్నయ్య బస్సు డిపోలో బస్సులు కడుగుతాడు. ఆ పర్మిట్ మీదే అందరం ఉన్నాం.

అందుకని వదిన నన్ను కిటికీ దగ్గర నిలబడనిచ్చేది కాదు. నేను స్నానం చేస్తుంటే బయట నిలబడి, "నీళ్ళు మెల్లిగా, మెల్లిగా" అనేది. మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా మాట మధ్యలో ఆపేసేది. నాకు ఒళ్ళు మండేది. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వాలకం. నన్నేమన్నా ఎవరింట్లోనో ఎత్తుకొచ్చావా?" అని ఒకరోజు గట్టిగానే అన్నాను.

"గట్టిగా అనకు, గోడలు పల్చన," అంది వదిన.

అప్పట్నించి ఆవిడకు పిరికి వదిన అని పేరు పెట్టాను. పిలిస్తే పలికేది కూడా.

ఆ పెద్ద కవరు ఒక సోమవారం వచ్చింది. బుధవారం పది నుంచి పన్నెండు లోపల తమ ఉద్యోగి ఒకరు వస్తారని, స్మోక్ అలారం పనిచేస్తోందో లేదో, ఇంట్లో ఎందరుంటున్నారో చూసుకుంటారని, అసౌకర్యానికి ఎంతో చింతిస్తున్నామని రాశారు. ఇంత మర్యాదగా కొంపలు ముంచే వాళ్ళను నేనెక్కడా చూడలేదు.

"సెలవు పెట్టనా?" అన్నాడు అన్నయ్య.

"వద్దు మహాప్రభో! మీరుంటే మొదటి ప్రశ్నకే నిజం చెప్పేస్తారు," అంది వదిన.

మంగళవారమంతా ఇంట్లోంచి నన్ను ఏరిపారేసింది. నా బ్రష్షు, తువ్వాలు, కంచం, దువ్వెన, గోడకు అంటుకున్న బొట్టుబిళ్ళతో సహా తీసేసింది. పరుపు చుట్టి అమ్మ మంచం కిందకి తోసింది. చూస్తుండగానే ఆ ఇంట్లో నేను ఎప్పుడూ లేనట్టయిపోయింది. నవ్వుతూ సాయం చేశాను గానీ లోపల ఏదోలా అనిపించింది.

చివరికి చెప్పులు మిగిలాయి. మా అంతస్తులో నాలుగు వాటాలు. గుమ్మం బయట చెప్పులుండేది మాకే. మా ఇంటికి కొత్తగా వచ్చేవాళ్ళకు నంబరు చెప్పక్కర్లేదు, చెప్పులు చూసి రమ్మంటే చాలు. వదిన నా ఎర్ర పట్టీల చెప్పుల్ని సంచిలో చుట్టి, వంటింటి కింది అరలో బియ్యం డబ్బా వెనక పెట్టింది. ఇంకెక్కడా జాగా లేదు.

"నువ్వు తొమ్మిదింటికే వెళ్ళి పన్నెండు దాకా ఎక్కడన్నా తిరుగు," అంది.

బయట వాన. మధ్యాహ్నం నాకు డ్యూటీ. "మూడు గంటలు వానలో తడవడం నావల్ల కాదు. పై మెట్ల మలుపులో కూర్చుంటా. అక్కణ్ణించి మన గుమ్మం కనిపిస్తుంది," అన్నాను. మొండికేశాను. అక్కడ ఫోను అందదు, లిఫ్టు కనబడదు, వచ్చినవాళ్ళు మన గుమ్మం దాటినా అంతస్తు దిగిపోయింది ఎలా తెలుస్తుందని వదిన గింజుకుంది. ఆ ఉపాయమూ నేనే చెప్పాను. ఆఫీసరు వెళ్ళిపోగానే వదిన నా చెప్పులు తీసి బయట పెట్టాలి, అవి చూసి నేను దిగి రావాలి. భలే ఉపాయమని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అమ్మకు మాత్రం ఇదంతా చెప్పలేదు. "అత్తయ్యా, మీరేం మాట్లాడకండి, నవ్వుతూ కూర్చోండి చాలు," అని ఊరుకుంది వదిన.

బుధవారం పది కాకముందే బూట్లు వేసుకుని పైకెక్కి కూర్చున్నాను. మొదట పావుగంట సరదాగానే ఉంది. ఆ తర్వాత కింద ఏ తలుపు చప్పుడైనా గోడకు అతుక్కుపోయాను. పిరికి వదిన అని ఎగతాళి చేసిన నోరు తడారిపోయింది. ఈవిడ ఎనిమిది నెలలుగా రోజూ ఇలాగే ఉందా అని అప్పుడు మొదటిసారి అనుకున్నాను.

పదిన్నరకు ఆఫీసరు వచ్చింది. పొట్టిగా ఉన్న ఆడమనిషి, బూడిదరంగు కోటు, చంకలో మడత నిచ్చెన. గుమ్మం ముందు ఆగి, చెప్పుల్ని పెన్నుతో ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టింది. అన్నయ్య పాత చెప్పులు, వదినవి, అమ్మవి, చిన్నదానివి. నాలుగు జతలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తన బూట్లకు ప్లాస్టిక్ తొడుగులు తొడుక్కుని లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది. అలారం ఒకసారి కుయ్యిమని ఆగింది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లిఫ్టు రెండుసార్లు కిందకి పోయిన చప్పుడు వినిపించింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని మళ్ళీ ఎత్తేసరికి మా తలుపు సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ఎర్ర పట్టీల చెప్పుల్ని వరసలో పెట్టి లోపలికి పోయింది.

అమ్మయ్య అనుకున్నాను. గబగబా దిగి, బూట్లు విప్పి, తలుపు తోసుకుని లోపలికి నడిచాను. "పోయిందా మహాతల్లి? కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చాను వదినా!"

మహాతల్లి మా కుర్చీలోనే కూర్చుని రాసుకుంటోంది.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి మండిపడింది. "ఏమే, బియ్యం డబ్బా పక్కన చెప్పులు పెడతావుటే? తినే గింజ దగ్గర! బుద్ధుందా నీకు? నేను చూశా కాబట్టి సరిపోయింది, తీసి బయట పెట్టా."

ఆఫీసరుకు మా మాటలు తెలియవు. కానీ నా వట్టి కాళ్ళు చూసింది. నిమిషం కింద నాలుగు కంచాలు, నాలుగు బ్రష్షులు లెక్కపెట్టిన మనిషి నా వైపు పెన్ను చూపించి, ఎంతో మెత్తగా అడిగింది. "ఈవిడ ఎవరు? మిమ్మల్ని చూడటానికి వచ్చిన చుట్టమా?"

చూశారా, మాట ఆవిడే అందించింది. అవునంటే అయిపోయేది. అవునను, అవునను అని కళ్ళతో వదినకు సైగ చేశాను. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ఉన్న టీ కప్పు బల్ల మీద పెట్టింది. ఆఫీసర్లు ఎదురైతే పక్కకు తప్పుకునే మనిషి, పద్నాలుగేళ్ళలో ఒక్క ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పని మనిషి, వచ్చీరాని వాళ్ళ భాషలో ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పింది.

"మా ఆయన చెల్లెలు. చుట్టం కాదు. ఇక్కడే ఉంటుంది. ఎనిమిది నెలలు."

ఆఫీసరు రాసుకుంది. లేచి, నిచ్చెన మడిచి, థాంక్స్ చెప్పి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ నవ్వు మాకు తెలుసు.

తలుపు మూయగానే వదిన మీద విరుచుకుపడ్డాను. "నీకేమన్నా పిచ్చా? చుట్టమని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది? ఇల్లు పోతే అన్నయ్య గతేంటి?"

"అందామనే నోరు తెరిచా," అంది వదిన. "నిన్నంతా నీ బ్రష్షు, నీ కంచం దాచిపెడుతుంటే నువ్వు నవ్వుతూ అందించావు చూడు, అప్పట్నించే నాకు ప్రాణం బాలేదు. వచ్చిపోయే మనిషని నీ మొహమ్మీదే అంటే, రేపు ఆ మాట పట్టుకుని నువ్వే పోతావు. నీ సంగతి నాకు తెలీదా?"

అని బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. నీళ్ళు మెల్లిగా కాదు, ధారగా వదిలింది. చాలాసేపు ఆ చప్పుడే వినిపించింది. అమ్మ సంగతంతా అర్థమై, తన చెయ్యిని తానే కొట్టుకుంటూ కూర్చుంది. నాకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది కూడా.

తొమ్మిది రోజులకు కవరొచ్చింది. సాయంత్రం అన్నయ్య వచ్చేదాకా బల్ల మీద అలాగే పడుంది, దాని పక్కన కంచం కూడా పెట్టలేకపోయాం. అరవై రోజుల్లోగా ఇంట్లో మళ్ళీ నలుగురే అయితే ఇల్లు ఉంటుందని, లేకపోతే ఖాళీ చేయాలని ఉంది. చిట్టచివర శుభాకాంక్షలు కూడా చెప్పారు. వదిన దాన్ని నాలుగుసార్లు చదివించుకుంది. "అందరం కలిసి వేరే చోటు చూద్దాం," అంది. నేను ఒప్పుకోలేదు. రెండు వారాల్లో మూడు వీధుల అవతల లాండ్రీలో పనిచేసే ఇద్దరితో కలిసి ఒక గదికి మారాను. వెళ్ళేరోజున వదిన ఏడవలేదు. నా కోటు చేతులు పొడుగున్నాయని నోట్లో సూదులు పెట్టుకుని సరిచేసి ఇచ్చింది.

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మెట్లెక్కుతుంటేనే గుమ్మం కనబడింది. ఐదు జతలు. మధ్యలో నేను వదిలేసి వెళ్ళిన ఎర్ర పట్టీలవి, దుమ్ము దులిపి పెట్టినట్టున్నాయి.

"ఇదేంటి వదినా! ఎవరన్నా లెక్కపెడితే? ముందు లోపల పెట్టు."

"లోపల ఎక్కడ? బియ్యం డబ్బా పక్కన పెడితే మీ అమ్మ ఊరుకుంటుందా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, "ఉండనీ. అడిగితే చెప్తా. అడిగేదేదో గొంతు విప్పి అడగమను," అంది.

ఆ మాట పూర్తవుతుండగానే లిఫ్టు ఆగిన చప్పుడైంది. వదిన నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి గుమ్మంలోనే నిలబడ్డాం. అడుగులు మా వైపే వస్తున్నాయి.

వదిన నా చెయ్యి వదల్లేదు. చెప్పులూ తియ్యలేదు.