గుడ్డతో తుడిచేసిన మైనం

నీళ్ళు మరిగే చప్పుడు వింటే ఈనాటికీ నా గుండె ఆగినంత పనవుతుంది. ఇంట్లో ఎసరు పెడితే లేచి వాకిట్లోకి పోతాను. ఎందుకో నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు కనుకనే చెప్పగలుగుతున్నానేమో.

అరవయ్యో దశకం మొదట్లో హుజూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో మెకానిక్‌గా ఉండేవాణ్ణి. బస్సు ఇంజనులో గుప్పెట్లో పట్టే వాల్వు ఒకటుంటుంది, థర్మోస్టాట్ అంటారు. దాని మధ్యలో ఇత్తడి డబ్బీ, డబ్బీ నిండా మైనం. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మైనం గట్టిగా ఉంటుంది, వాల్వు మూసుకుని నీళ్ళను రేడియేటరుకు పోనివ్వదు. ఇంజను వేడెక్కితే మైనం కరిగి ఉబ్బి, చిన్న కడ్డీని నెట్టి వాల్వు తెరుస్తుంది. నీళ్ళు రేడియేటరుకు పోయి చల్లారి వస్తాయి. మళ్ళీ చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది.

మా ఎండలకు దానితో పనేముందని ఎండాకాలం రాగానే విప్పి డబ్బాలో పడేసేవాళ్ళం. చలికాలంలో ఇంజను సతాయిస్తే మళ్ళీ బిగించేవాళ్ళం. బిగించే ముందు పక్క హోటలు పొయ్యి మీద, మరిగే నీళ్ళలో దారంతో వేలాడదీసి తెరుచుకుంటుందో లేదో చూడాలి. ఒక చలికాలం పొద్దున మాత్రం చూడలేదు. హోటలు పొయ్యి ఇంకా అంటుకోలేదు, కేతేపల్లి బస్సుకు వేళయింది. డబ్బీ అంచున ఏదో జిడ్డు తగిలింది. గ్రీజు అనుకుని గుడ్డతో తుడిచేసి, వాల్వు బిగించేశాను. నిజంగా గ్రీజే అనుకున్నానా? రోజూ గ్రీజులో మునిగే ఈ వేళ్ళకు మైనం తెలియదా?

మైనం కారిపోతే కడ్డీని నెట్టేదేమీ ఉండదు. వాల్వు తెరుచుకోలేదు. దారిలో ఇంజను సలసలా కాగింది. డ్రైవరు మల్లయ్య దిగి రేడియేటరు మూత తిప్పాడు. ఆవిరీ నీళ్ళూ ఎగజిమ్మి మొహమంతా కాలింది. కుడి కన్ను పోయింది.

బస్సును షెడ్డుకు లాక్కొచ్చారు. అందరూ దవాఖానకు పోయాక నేనొక్కణ్ణే ఇంజను దగ్గరికి వెళ్ళి, వాల్వు విప్పి జేబులో వేసుకున్నాను. బస్సుల యజమాని సేటు వచ్చి ఏమైందని అడిగాడు. నీళ్ళన్నీ ఎగిరిపోయి రేడియేటరు ఎండి ఉంది.

"నీళ్ళు పొయ్యకుండనే బండి తీసిండు సేటు" అన్నాను.

మల్లయ్య పని పోయింది. ఆ తర్వాత ఎవరు ఆ ఇంజను మీద చెయ్యి వేసినా, సేటు నన్ను పేరు పెట్టి పిలిచినా, తెలిసిపోయిందనే అనుకునేవాణ్ణి. ఎవరికీ తెలియలేదు.

రెండేళ్ళకు మల్లయ్య అంగట్లో ఎదురుపడ్డాడు. తమ్ముడితో కలిసి గొర్లు కాస్తున్నాడట. తప్పుకునే జాగా లేదు.

"తమ్మీ, గా పొద్దుగాల నువ్వు ఆన్నే ఉన్నవు గద. నేను నీళ్ళు పోసిన్నా?"

"యాదికి లేదన్నా."

"పోసినట్టే అనిపిస్తది. అందరు గిట్ల అంటుంటే మర్సిపోయిన్నేమో అనుకుంటున్న. నా కన్ను నేనే పోగొట్టుకున్న, ఎవల్ని అనేదున్నది."

గల్లా పట్టుకుంటాడని భయపడ్డాను. పట్టుకున్నా బాగుండేది. నా అబద్ధాన్ని అతను కూడా నమ్మేశాడని తెలిశాక వచ్చిన భయం వేరు, అది ఇప్పటికీ పోలేదు. అతను ఉన్నాడో లేడో కనుక్కునే ధైర్యం కూడా లేకపోయింది.

వాల్వు నా ట్రంకుపెట్టెలోనే ఉంది. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు గిన్నెలో నీళ్ళు పెట్టి, దారం కట్టి వేలాడదీశాను. నీళ్ళు మరిగాయి. లేచి పోకుండా కూర్చున్నాను. వాల్వు తెరుచుకోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్క మాట మాత్రం కాగితం మీద పెడితే ఈ గుండె కొంచెం తేలికవుతుంది.

మల్లయ్య ఆ పొద్దున నీళ్ళు పోశాడు. షెడ్డు ముందున్న గోలెంలో ముంచి రెండు బకెట్లు పోశాడు. రెండోది పొంగి నా కాళ్ళ మీద పడింది. చలికి నేను ఎగిరితే నవ్వాడు.