అమ్మ సంతకానికి దురద

పచ్చబొట్టు పొడిపించుకున్న ఐదో రోజు చాంద్రాయణగుట్టలో బస్సెక్కాను. మోచేతి కింద, చొక్కా చేతి లోపల, చనిపోయిన మా అమ్మ సంతకం పక్కు కట్టి ఉంది. ఆమెకు రాయడం వచ్చినవి ఆ నాలుగు అక్షరాలే. గోకితే పక్కుతో పాటు రంగూ లేచిపోతుందని పొడిచినవాడు ముందే బెదిరించాడు. అది మామూలు దురద కాదు. హైదరాబాదులోని చీమలన్నీ నా చేతి మీదే జాతర పెట్టుకున్నాయి. సీట్లో నేను తిరిగే మెలికలు చూసి అనుమానమొచ్చి, కండక్టర్ రెండుసార్లు టికెట్ అడిగాడు.

ఓర్చుకోలేక చివరికి గోరు ఎత్తాను. పక్కసీట్లో ఖాళీ పాలక్యాన్లు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న మనిషి గభాలున నా వేళ్లు పట్టుకున్నాడు.

"ఏందన్నా ఈ లొల్లి?"

"పచ్చబొట్టు భాయ్. మా అమ్మ సంతకం. గోకితే పోతదంట."

"గోకకు మల్ల. పుండు మానేటప్పుడు మా బర్రెకు గిట్లనే మస్తు దురద లేస్తది. గోడకు రాసుకుంటనంటది. గప్పుడు గిట్ల చేస్త."

చొక్కా మీంచే అరచేత్తో మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. బస్సు బస్సంతా మమ్మల్నే చూసింది. యాభై ఏళ్లవాణ్ణి, బర్రె హోదాలో, పత్తర్‌గట్టి దాకా జోకొట్టించుకున్నాను. అంతసేపూ ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. నేను దిగబోతుంటే, "ఇగ నువ్వే తట్టుకో అన్నా" అన్నాడు.

పక్కు రాలింది. నాలుగు అక్షరాలూ నిలిచాయి. దురద పోయి ఏడాదైంది. తట్టడం మాత్రం మానలేదు.