మేరీ టీచర్‌గారి ముఖాల పుస్తకం

మా పాప కోసం ఏలూరులో కొన్న బొమ్మల పుస్తకం తెరిస్తే కొత్త రంగుల వాసన వస్తుంది. కోపం, దిగులు, సిగ్గు, భయం, ఒక్కోదానికి ఒక్కో ముఖం. నా చిన్నప్పటి అలాంటి పుస్తకానికి మైదాపిండి జిగురు వాసన ఉండేది. కలిదిండి పక్కన మా ఊరి బడిలో ఒకటో తరగతి చెప్పే మేరీ టీచర్‌గారు పాత క్యాలెండర్ల వెనక బొమ్మలు గీసి, అట్టలకు అంటించి, నల్లదారంతో కుట్టిన పుస్తకం అది. నాలుగే పేజీలు: సంతోషం, ఏడుపు, కోపం, భయం. హాజరు అయ్యాక ఒక్కొక్కరం వెళ్లి, ఆ పూట మన మనసెలా ఉందో ఆ ముఖం మీద వేలు పెట్టాలి, నోటితో చెప్పక్కర్లేదు. కోపం ముఖానికి మీసాలుండటంతో అది హెడ్మాస్టారేనని వెనక వరసవాళ్లు నవ్వుకునేవారు.

మాది రొయ్యల చెరువు. వానాకాలమంతా తడిసిన మేత బస్తాల నీచు, డీజిల్ కంపు, గట్టు మీద గడ్డి వాసన, వాటన్నిటి వెనక ఏరియేటర్ల చక్రాలు నీళ్లను చిలికే చప్పుడు. మబ్బు పట్టిన రోజు అవి ఆగితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు చచ్చిపోతాయని మా ఊళ్లో ఆరేళ్లవాడికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆ రోజు అమ్మ పుట్టింట్లో ఉంది. సాయంత్రం ఏలూరు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తానన్న నాన్న, మబ్బు చూసి, ఇవాళ చెరువు వదిలి కదలనని చెప్పి, జనరేటర్‌కి డీజిల్ కోసం కలిదిండి వెళ్లారు. నేను బడికి వెళ్తూ గట్టు మీది మోటారు షెడ్డులోకి దూరి, మేత బస్తా ఎక్కి, ఎర్ర బటన్ నొక్కాను.

బడిలో నా వంతు వచ్చింది. కోపం మీద వేలు పెట్టాను. టీచర్‌గారు తర్వాతివాడిని పిలిచినా నేను కదల్లేదు. పేజీ తిప్పి భయం మీద పెట్టాను.

"దేనికిరా భయం?"

"ఏరియేటర్లు కట్టేశానండీ."

ఆవిడ తిట్టలేదు. నాన్నకు ఫోన్ చేశారు. "మీ అబ్బాయి... చెరువు..." అన్నంతలో లైను తెగిపోయింది, మళ్లీ కలవలేదు. పుస్తకం చేతిలో ఉండగానే నా రెక్క పట్టుకుని గట్టు వెంట పరుగెత్తారు. రొయ్యలు గాలి అందక గట్టు వారకు వచ్చి మీసాలు పైకి పెట్టి ఉన్నాయి. ఆవిడే పచ్చ బటన్ నొక్కారు.

అప్పుడు నాన్న వచ్చారు. బండి పడేసి, మా వైపు చూడకుండానే చెరువులోకి దిగి, నడుం లోతు నీళ్లలో రెండు చేతులతో అడుగంతా వెతకడం మొదలుపెట్టారు. "ఏవండీ, బాబు ఇక్కడున్నాడండీ" అని టీచర్‌గారు రెండుసార్లు పిలిస్తే గాని తలెత్తలేదు. పైకి వచ్చాక జరిగింది విన్నారు, నా మీదికి చెయ్యెత్తారు. ఆవిడ మధ్యలో పుస్తకం పెట్టారు.

"కొడుదురుగాని. ముందు వీటిలో మీ ముఖం ఏదో దాని మీద వేలు పెట్టండి."

నేను మీసాల పేజీ కేసి చూస్తున్నాను. నాన్న ఎత్తిన చెయ్యి దించి, పేజీ తిప్పి, బురద వేలు భయం మీద పెట్టారు. కొట్టలేదు. చచ్చిన రొయ్యల్ని మధ్యాహ్నం దాకా ఇద్దరం వలతో ఏరాం.

ఇప్పుడు ఏరియేటర్లు ఆగితే నాన్న ఫోన్ హెచ్చరికగా దానంతటదే మోగుతుంది. ఆ బడి లేదు. టీచర్‌గారు తాడేపల్లిగూడెం వెళ్లిపోయారు, పుస్తకం ఏమైందో ఆవిడకీ గుర్తులేదు. దాని నాలుగో పేజీలో నాన్న వేలిముద్ర మట్టిగా ఎండిపోయి ఉండేది. ఆ ఏడాది ఎప్పుడు భయమేసినా నేను సరిగ్గా దాని మీదే వేలు పెట్టేవాణ్ణి.