కదిరమ్మ చేతి చలవ

శింగనమల చెరువు కింది పల్లెల్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా మొదట తొక్కేది కదిరమ్మ గడపే. బరువెత్తి బొడ్డు జారితే సరిచేసే చేయి ఆమెది. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. పరగడుపున మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కండ్లు మూసుకుని ప్రభువును తలచుకుని, ఆముదం రాసి బొటనవేలితో అదుముతుంది. నాడి కొట్టుకునే చోటు పక్కకు జరిగుంటే మెల్లగా నడిమికి లాక్కొస్తుంది. ఎవరేమిచ్చినా ముట్టదు. దేవుడిచ్చిన చేతికి కూలి అడిగితే ఆయన ముందు తల ఎట్లా ఎత్తేదంటుంది.

ఆ చేయి చివరికి ఆమె మొగుడికే అవసరపడింది. చెనిక్కాయ మూటలు లారీకెత్తి వచ్చిన యేసన్న, బొడ్డు చుట్టూ నొప్పి అని అరుగు మీద ముడుచుకున్నాడు. మూటలెత్తిన మనిషికి బొడ్డు జారక ఇంకేమవుతుందనుకుంది కదిరమ్మ. గుత్తిలో కాపురముంటున్న కూతురు సువార్త, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని ఫోనులో పోరింది. ఊరందరి కడుపులు చూసే తాను మొగుణ్ణి ఆసుపత్రికి మోసుకుపోతే నలుగురూ నవ్వరా అని కదిరమ్మ కసురుకుంది.

తెల్లారేసరికి నొప్పి పొత్తికడుపు కుడిపక్కకు దిగింది. నాడి అటు జరిగిందనుకుని, అక్కడే అదిమింది.

“ఊర్లోవాళ్లకైతే పువ్వు మీద చెయ్యేసినట్టు ఏస్తావు. మొగునికైతే పిండి పిసికినట్టు పిసుకుతాండావే,” అన్నాడు యేసన్న పండ్లు కరుచుకుని.

“నోరు మూసుకో. మాట్లాడితే నాడి నిలవదు.”

ఉన్నట్టుండి నొప్పి పోయింది. యేసన్న లేచి కూర్చున్నాడు. పక్కింటి లక్ష్మక్క తెచ్చిన మజ్జిగ తాగి, నా పెండ్లాము చెయ్యి చూసినావా అని ఆమె ముందు గొప్పలు పోయినాడు. కదిరమ్మ రెండు చేతులెత్తి స్తోత్రం చెప్పుకుంది. ఎంత నిండు మనసుతో చెప్పుకుందో ఆ దేవునికే తెలుసు.

మర్నాటికి ఒళ్లు కాలిపోతోంది. కడుపు చెక్కలా బిగుసుకుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయినాడు. ఆటో తిప్పయ్య, మార్కెట్టుకు ఎత్తిన టమోటా బాక్సులన్నీ దారి పక్కనే దించేసి, అనంతపురం దాకా గుంతగుంతకూ బండి నెమ్మది చేసి, పసిబిడ్డను తీసుకుపోయినట్టు తీసుకుపోయినాడు. ఎండకు ఆ టమోటాలు ఏమైనాయో ఒక్క మాట అనలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కడుపు మీద వేలు ఆనించి, ఎవరన్నా పిసికినారా అని అడిగింది.

యేసన్న పెండ్లాం దిక్కు చూసినాడు. “లేదు మేడమ్మా. ఎవురూ ముట్టుకోలేదు.”

అంత బాధలోనూ తన పరువు కాపాడుతున్నాడు మనిషి. కాని అబద్ధం వల్ల వైద్యం తప్పుతుందేమోనని కదిరమ్మ భయపడింది.

“నేనే మేడమ్. నిన్న పొద్దున బొడ్డు సరిచేసినాను. నొప్పి తగ్గిపోయింది గూడా,” అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. పేగుకు ఉండే చిన్న తోకకు చీము పట్టిందని, అది పగిలినప్పుడు నొప్పి తగ్గినట్టు అనిపిస్తుందని, అప్పటి నుంచే విషం కడుపంతా పాకిందని మెల్లగా చెప్పింది. మొన్ననే వచ్చుంటే చిన్న ఆపరేషనుతో పోయేదంది.

అంటే తాను స్తోత్రం చెప్పుకున్నది, పేగు పగిలిన గడియకా?

ఆపరేషను చేసినారు. పక్క మంచం వాళ్లు ఎవరో ఏమో, తల్లీకూతుళ్లకు పూటపూటా ఇంత అన్నం పెట్టినారు. గుత్తి నుంచి పరుగెత్తుకొచ్చిన సువార్త తండ్రి కాళ్లు పట్టుకుని కూర్చుంది గాని, తల్లితో మాట్లాడలేదు. యేసన్నకు మళ్లీ తెలివి రాలేదు. ఆసుపత్రిలోనే పోయినాడు.

మట్టి చేసి ఇంటికొచ్చినాక లక్ష్మక్క పక్కన చేరి కదిరమ్మ వీపు నిమిరింది.

“ఏం చేస్తావమ్మా. దేవుడు పిలుచుకున్నాడు. నీ చేతుల్లో ఏముండాది?”

కదిరమ్మ తల ఎత్తింది. “దేవుని మీద ఎందుకు ఏస్తావు లక్ష్మక్కా? ఆయన బిడ్డ నోటితో ముందే చెప్పించినాడు. ఇనుకోనిది నేను. పిసికింది నేను.”

లక్ష్మక్క చేయి వీపు మీదే ఆగిపోయింది. సువార్త లేచి లోపలికి పోయి సంగటి పళ్లెం తెచ్చింది. తల్లి ముందు పెట్టి, ముఖంలోకి చూడకుండానే పక్కకు తిరిగి కూర్చుంది.