తోర్స్తి చెక్కిన చావు పలకలు

తోర్స్తి కిన్నారినెన్ ఉలి చేతపట్టాడంటే ఎవరో పోయారన్నమాట.

ఆ సాయంత్రం ఆయన పనిబల్ల ముందు కూర్చుని, మూరెడు పైన్ పలక మీద పేరు చెక్కుతున్నాడు. నలభై ఏళ్ళు పడవలు చేసి కాయలు కాసిన చేతులు. అక్షరం గీసి, ఊది, వేలితో తడిమి, మళ్ళీ గీసేవాడు. తైమి లోపలికొచ్చి తలుపు దగ్గర బూట్లు విప్పింది.

"ఈసారి ఎవరు?"

"యోధుడు ఉల్ఫ్. మన పళ్ళ డాక్టర్ ఎన్సియో మనిషి. తొమ్మిదేళ్ళుగా బతికున్నాడు."

"అయ్యో! ఎలా పోయాడు?"

"పిల్లి."

"పులా?"

"పిల్లే. ఎన్సియో వాళ్ళ పిల్లి కీబోర్డు మీద పడుకుంది. ఉల్ఫ్ నడుచుకుంటూ పోయి కొండ మీంచి దిగాడు. దారి లేని వైపు."

పోయినవాళ్ళు నిజం మనుషులు కారు. తోర్స్తి కుయోపియో ఊళ్ళో కూర్చుని నడిపే 'తొమ్మిదో సరస్సు' అనే ఆన్‌లైన్ ఆటలోవాళ్ళు. ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, యోధుణ్ణో మంత్రగత్తెనో వంటవాణ్ణో తయారుచేసుకుని, ఏళ్ళ తరబడి పెంచుకుంటారు. పడవల పని తగ్గాక తోర్స్తి లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని, తప్పులు చేస్తూ దిద్దుకుంటూ, ఆ ఆటను తనే కట్టాడు. అది నడిచే యంత్రం వార్నిష్ డబ్బాల పక్కన అలమరలో ఉంటుంది. ఆ దేశంలో ముగ్గురికి ఒకే సరదా ఉంటే సంఘం రిజిస్టర్ చేయక తప్పదు కదా, వీళ్ళూ చేశారు. అరవై మూడు మంది సభ్యులు. సిటీ బస్సు తోలే తైమి కార్యదర్శి.

మిగతా ఆటల్లో మనిషి చస్తే ఊరి బావి దగ్గర లేచి, దుమ్ము దులుపుకుని మళ్ళీ బయల్దేరతాడు. తోర్స్తి ఆటలో ఆ బావి లేదు. ఏడో నిబంధన: చచ్చినవాడు చచ్చినట్టే. ఏడ్చినా, తిట్టినా, గుమ్మంలో కూర్చున్నా ఆయన బతికించడు. ఫోన్ చేసి మొత్తుకుంటే అంతా ఓపిగ్గా వింటాడు. విని రెండే ప్రశ్నలు వేస్తాడు.

"పేరు ఎలా చెక్కమంటావు? కాఫీ శనివారమా, ఆదివారమా?"

ఎందుకంటే ఆటలో ఎవరు పోయినా వాళ్ళ పేరున నిజంగా చావు కాఫీ పెట్టాలి. అదీ పోయినవాళ్ళ ఇంట్లోనే, అంటే ఆ మనిషిని ఆడించినవాళ్ళ ఇంట్లో. అది ఏ నిబంధనలోనూ లేదు. తోర్స్తి పలక పట్టుకుని వచ్చేస్తాడు, అంతే. ఖాళీగా ఉన్న సభ్యులంతా ఆయన వెనకే వస్తారు.

ఒకసారి ఒకాయన, "కరెంటు పోయింది, అందుకే నా వేటగాడు పోయాడు, బతికించు" అన్నాడు. తోర్స్తి కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసి, రెండు రోజులు వెంటపడి, ఆ వీధిలో కరెంటు ఎన్నింటికి పోయిందో కనుక్కున్నాడు.

"నీ వేటగాడు పోయిన నాలుగు నిమిషాలకి పోయింది" అన్నాడు.

"నాలుగు నిమిషాలకే ఇంత పట్టుదలా?"

"నాలుగు నిమిషాల్లో గుడ్డు ఉడుకుతుంది."

ఎన్సియో అయితే పళ్ళు పీకేవాడు కాబట్టి ఎదుటివాడి మొండితనానికి భయపడే రకం కాదు. వర్క్‌షాపుకే వచ్చి పోట్లాడాడు.

"మీట నొక్కింది నేను కాదయ్యా, పిల్లి!"

"పిల్లి సంఘంలో సభ్యురాలా?"

"కాదు."

"మరి నీ మనిషిని సభ్యత్వం లేనివాళ్ళ చేతిలో ఎందుకు పెట్టావు?"

పలక మీద 'కారణం: పిల్లి' అని చెక్కి ఇచ్చాడు. ఎన్సియో దాన్ని ఆస్పత్రిలో తగిలించుకున్నాడు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు అది చూసి భయం మర్చిపోతున్నారట.

అంతమాత్రాన తోర్స్తి ఇతరులకో న్యాయం తనకో న్యాయం అనేవాడు కాదు. ఆట మొదలైన వారానికే ఆయన సొంత మనిషి, తను కట్టిన వంతెన మీంచి నదిలో పడిపోయాడు. ప్రోగ్రాంలో ఒక పలక వేయడం మర్చిపోయాడు మరి.

"తప్పు నీ వంతెనది. నీ మనిషిని బతికించుకుంటే ఎవరడుగుతారు?" అంది తైమి.

"వంతెన బాగుచేస్తా. వాడు పోయాడు."

ఆ మనిషి చావు పలక ఇప్పటికీ పనిబల్ల పైన వేలాడుతూనే ఉంది. 'కారణం: చెడ్డ పనితనం.'

ఇదంతా నవ్వుకుంటూ గడిచిపోయేదే. కానీ ఆ మార్చిలో హిల్లా చచ్చిపోయింది.

హిల్లా గుప్పెడంత ముసలమ్మ. అడవిలో వేర్లు తవ్వి మందులు నూరేది. పదకొండేళ్ళలో ఆవిడ చేత కట్టు కట్టించుకోని యోధుడు లేడు. ఈ ముసలమ్మను ఆడించేది పెల్లెర్వో సుతినెన్ అనే ఆరడుగుల మనిషి. రౌతవారా ఊరి అవతల అడవి అంచున ఒక్కడే ఉంటాడు. ముప్పై ఏళ్ళు రోడ్ల మీద, సరస్సుల మీద మంచు తోసే బండి తోలాడు. రిటైరయ్యాక ఊళ్ళోకి రావడం మానేశాడు. సంఘం సమావేశానికి రమ్మంటే, "నాకక్కడేం పని?" అనేవాడు. రోజూ సాయంత్రం ఆరింటికి మాత్రం హిల్లా అడవిలో హాజరు. ఆయన మనుషులతో మాట్లాడేదల్లా ఆ రెండు గంటలే, అదీ ముసలమ్మ గొంతుతో.

ఆ శనివారం హిల్లా గడ్డకట్టిన సరస్సు దాటుతోంది. ఆటలోనూ మార్చి నెలే. 'కాళ్ళ కింద మంచు మూలిగింది' అని తెర మీద పడింది. సరిగ్గా అప్పుడే పెల్లెర్వోకి సౌనాలో, అదే ఆవిరి స్నానాల గదిలో, పొయ్యి కాగిందని గుర్తొచ్చింది. శనివారం సౌనాని ఆపించే శక్తి ఆ జిల్లాలో దేనికీ లేదు. ముసలమ్మను సరస్సు నడిబొడ్డున నిలబెట్టి, తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయాడు. రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుని, ఆవిరి పట్టి, నలభై నిమిషాలకి ఎర్రగా ఉడికిపోయి తిరిగొచ్చేసరికి హిల్లా సరస్సు అడుగున ఉంది.

తువ్వాలు మీదే తైమికి ఫోన్ చేశాడు.

"ముప్పై ఏళ్ళు మంచు మీద బతికానమ్మా! ఒక్క చక్రం దిగలేదు! చిన్న పొరపాటు. ఆ ముసలోడికి చెప్పు."

తైమి చెప్పింది. తోర్స్తి విని, "అయ్యో" అన్నాడు. తర్వాత, "హిల్లా అనేనా, ఇంటిపేరు కూడా చెక్కాలా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న పెల్లెర్వోకి చేరింది. మూడో రోజు స్టాంపు అంటించిన ఉత్తరం వచ్చింది. ఏడో నిబంధన ఎత్తేయాలి, హిల్లాను బతికించాలి. లేదంటే తను సంఘానికి రాజీనామా.

తైమికి నిద్ర పట్టలేదు. అన్నమాట వెనక్కి తీసుకునే రకం కాదు పెల్లెర్వో. ఆట మానేస్తే ఆయనకి ఇక పలకరించే గొంతే ఉండదు.

వార్షిక సమావేశం తైమి ఉండే అపార్ట్‌మెంటు కింది హాల్లో, యాలకుల బన్నులతో, కాఫీతో మొదలైంది. ఇరవై ముగ్గురు వచ్చారు. అధ్యక్షుడు ఎన్సియో. పెల్లెర్వో రాలేదు.

వెనక వరసలోంచి ఒక నర్సు లేచింది. "పొద్దంతా వార్డులో నిజం చావులు చూసి ఇంటికొస్తాను. ఆటలో కూడా ఎందుకయ్యా చావు?"

తోర్స్తి బన్ను చేతిలోకి తీసుకున్నాడు. "పడవ సంగతే తెలుసు నాకు. ఎప్పటికీ మునగదంటే తెడ్డు సరిగ్గా వేయడం ఎవడూ నేర్చుకోడు. పక్కవాడు ఎలా వేస్తున్నాడో చూడను కూడా చూడడు."

ఇంకేం చెప్తాడోనని అందరూ ఎదురుచూశారు. ఆయన బన్ను తిన్నాడు.

ఓట్లు లెక్కపెట్టారు. అటు పదకొండు, ఇటు పదకొండు. అధ్యక్షుడు తేల్చాలి. ఎన్సియో కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నా ఉల్ఫ్ రానప్పుడు ఎవరి ముసలమ్మా రాకూడదు" అని సుత్తి కొట్టాడు.

పెల్లెర్వో తనే వచ్చి చెయ్యెత్తి ఉంటే తీర్మానం నెగ్గేది. ఆ మాటే తైమి ఫోన్‌లో చెప్పింది. "సంఘంలోంచి పోతున్నాను" అని అవతల్నుంచి వినిపించింది. ఆ సాయంత్రం ఆరింటికి అడవిలో ఎవరూ హాజరు కాలేదు. మర్నాడూ అంతే.

తైమి వర్క్‌షాపు తలుపు తోసుకుని వచ్చింది. బూట్లు కూడా విప్పలేదు.

"ఒక్క మీట నొక్కితే అయిపోయేది! నీకు మనసుందా అసలు? చెక్కతో చేశారా దాన్ని కూడా?"

తోర్స్తి ఆమె బూట్ల వంక బాధగా చూశాడు. "శనివారం నీకు బస్సు డ్యూటీ ఉందా?"

"లేదు. ఎందుకు?"

"వ్యాన్ తోలాలి. రౌతవారాకి. పన్నెండు మంది వస్తామన్నారు."

"ఆయన పిలిచాడా?"

"చావుకి ఎవరైనా పిలుస్తారా?"

శనివారం మధ్యాహ్నం వ్యాన్ బయల్దేరింది. తోర్స్తి ముందు సీట్లో పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రోడ్డు పక్క మంచు కుప్పలు నల్లబడి కరుగుతున్నాయి.

"ఇంత దూరం వెళ్ళేవాళ్ళం, ముందే ఒకసారి ఊరికే వెళ్ళి పలకరించొచ్చుగా?" అంది తైమి.

"ఊరికే ఎలా వెళ్తాం? ఏమని చెప్తాం?" తోర్స్తి నిజంగానే కంగారుపడ్డాడు. "ఊరికే వస్తే తలుపు తీస్తాడా? నేనైనా తీయను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మనిషి పోయిందిగా. తీయక చస్తాడా?"

తైమికి తుర్కూ నగరం నుంచి కొత్తగా వచ్చిన ఏడాది గుర్తొచ్చింది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు కూడా తల తిప్పుకునేవారు. ఆరు నెలలు ఆమె వంటింట్లో రెండో కుర్చీ మీద ఎవరూ కూర్చోలేదు. అప్పుడు ఆటలో ఆమె ఆడించే దొంగపిల్లను తోడేలు తిన్నది. ఆ శనివారం గంట మోగింది. గుమ్మంలో పద్నాలుగు మంది, ముందు పలక పట్టుకుని ఈ మొండి మనిషి. నాలుగే కప్పులుంటే వంతులేసుకుని తాగారు. అందులో ఇద్దరు ఈరోజుకీ ప్రతి బుధవారం వస్తారు. ఎన్సియో ఇంటికి వెళ్ళింది అతని విడాకుల నెలలోనే. ఇలోమంత్సీ, కుహ్మో, కెమి ఊళ్ళలో పలక పట్టుకుని వెళ్ళినవీ అన్నీ ఎవరూ గుమ్మం తొక్కని ఇళ్ళే.

"తోర్స్తీ, ఇదంతా నువ్వు కావాలనే చేస్తున్నావు కదూ? ఆ నిబంధన దీనికేనా?"

"ముందు చూసి తోలు" అన్నాడాయన. "ఇక్కడ దుప్పులు రోడ్డు మీదికొస్తాయి."

కనుచూపు మేర ఒక్క దుప్పి కూడా లేదు. ఆయన చెవులు మాత్రం సౌనాలోంచి వచ్చినవాడిలా ఎర్రబడ్డాయి.

పెల్లెర్వో తలుపు తీశాడు. గుమ్మం నిండా మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"నేను రాజీనామా చేశాను" అన్నాడు.

"నువ్వు చేశావు. హిల్లా చేయలేదు" అన్నాడు తోర్స్తి.

ఇద్దరూ ఒకరి బొత్తాల వంక ఒకరు చూసుకున్నారు.

"బూట్లు బయటే విప్పండి" అన్నాడు పెల్లెర్వో చివరికి. "నేల కడిగాను."

లోపల బల్ల మీద రొయ్యలు, దోసకాయ చక్రాలు పేర్చిన శాండ్‌విచ్ కేకు ఉంది, బండి చక్రమంత. ఎన్సియో నోరు తెరిచాడు.

"ఇంత కేకు ఎవరికయ్యా?"

"ఇరవై మందికి. గురువారమే చెప్పి చేయించాను." పెల్లెర్వో కోపంగా కాఫీ పోశాడు. "పద్ధతి పద్ధతే. నా కోపం నాదే. పన్నెండు మందే వచ్చారేం?"

తిన్నారు. ఒక్కొక్కరూ హిల్లా తమకి ఎక్కడ ఏ కట్టు కట్టిందో చెప్పారు. తోడేలు తిన్న తన దొంగపిల్ల కాలు వెతికి తెచ్చి పాతిపెట్టింది హిల్లాయేనని తైమి చెప్పింది. పెల్లెర్వో కిటికీ వైపు తిరిగి, "ఆ ముసలిదానికి అన్నిట్లోనూ తలదూర్చడం అలవాటు" అన్నాడు. మూడో కప్పు దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"దానికో చెల్లెలుండేదనుకుంటాను. ఉత్తరాన. మందులంటే పడదు. చేపలు పడుతుంది."

"తెడ్డు వేయడం వచ్చా?" అన్నాడు తోర్స్తి.

"నేర్చుకుంటుంది. కానీ నువ్వు నిబంధన మార్చకపోవడం మాత్రం తప్పే. వచ్చే మార్చిలో నేనే వచ్చి చెయ్యెత్తుతా. చూసుకో."

"రా" అన్నాడు తోర్స్తి, మహా సంతోషంగా. "ఓడిపోతాను."

అప్పుడు పలక బల్ల మీద పెట్టాడు. పేరు, సంవత్సరాలు చెక్కి ఉన్నాయి. కారణం దగ్గర ఖాళీ.

"ఏం చెక్కమంటావు? సౌనా అనా?"

"వద్దు. సౌనా ఏం పాపం చేసింది?"

"మంచు పగిలింది అందాం" అంది తైమి.

"మంచు ముందే చెప్పింది. మూలిగింది. నేనే వినలేదు." ముప్పై ఏళ్ళు మంచు తోసిన మనిషి కప్పు కింద పెట్టాడు. "తోలేవాడి నిర్లక్ష్యం. అలా చెక్కు."

తోర్స్తి మెచ్చుకోలుగా తలూపి, జేబులోంచి ఉలి తీశాడు. కేకు పక్కకి జరిపారు. వంటింటి బల్ల మీదే ఒక్కో అక్షరం గీసి, ఊది, వేలితో తడిమాడు. ఎగిరిన చెక్క నలుసు ఎన్సియో కంట్లో పడినప్పుడు తప్ప పని ఆపలేదు. అంచులు గీకి, అవిసె నూనె గుడ్డతో రెండుసార్లు తుడిచి, వెలుతురులోకి ఎత్తి చూసి, రెండు చేతులతో అందించాడు. పెల్లెర్వో రెండు చేతులతో అందుకున్నాడు.

"చొక్కా జాగ్రత్త" అన్నాడు తోర్స్తి. "నూనె ఇంకా ఆరలేదు."