మట్టిగుండ్లు వేరు చేసిన రోజు

మా ఇళ్లున్న దిబ్బ కింద దొరల కాలం నాటి ఉప్పు గోదాము ఉందని, తవ్వకానికి వచ్చిన మేడం చెప్పేదాకా మాకు తెలియదు. అప్పటికే రొయ్యల గుంటల వాళ్లు ఆ దిబ్బను అడుగుతున్నారు. మేము నిన్న మొన్న వచ్చి గుడిసెలు వేసుకున్నామని వాళ్ల మాట. గోదాము నడిచిన రోజుల్లోనే మా ముత్తాతలు అక్కడ వల వేశారని చూపించగలిగితే దిబ్బ మాకు నిలుస్తుందని మేడం ఆశ.

ఆ ఆశంతా మట్టిగుండ్ల మీదే. వల అడుగున బరువుకు కట్టే కాల్చిన మట్టిగుండ్లు. దొరలు పొగ తాగిన తెల్ల గొట్టాల ముక్కలతో పాటు, ఒకే లోతులో అవి బయటపడుతున్నాయి, అంటే రెండూ ఒకే కాలంవి. తవ్వకంలో ఏ గుంటలో, ఏ లోతులో దొరికినవి దానికి వేరే బుట్టలో వేసి, ఆ వివరం మేడం చీటీ మీద రాసి పెట్టేవారు. కడిగే పని నాది, మా తోటికోడలిది.

"సుద్దముక్క మాదిరుందే. దీంతోనా అక్కా దొరలు పొగ తాగింది?" అనేది తోటికోడలు. "మా ఇంటాయనకు చూపించబాక. దీన్ని కూడా అంటించి చూస్తాడు."

మేడం రెండు రోజులు నెల్లూరు వెళ్లారు. బుట్టల్లో అన్నీ కలగలుపుగా ఉంటే నాకు మనసొప్పలేదు. పడవ దిగిన సరుకును అలా ఉంచితే మా అమ్మ ఊరుకునేది కాదు. చిన్నప్పటి నుంచి నా పని అదే, కుప్ప పోసి రొయ్యను రొయ్యలో, పీతను పీతలో వేయడం. అన్నీ కడిగి చాప మీద పోశాను. గుండ్లు ఒక బుట్టలో, గొట్టాలు ఒక బుట్టలో, నీలం పువ్వుల పింగాణీ పెంకులు ఇంకో బుట్టలో. తోటికోడలూ ఒక చెయ్యి వేసింది. చీటీలు తడిసి ముద్దయితే పారేశాను. అప్పుడు నాకు చదువు రాదు.

మేడం వచ్చి బుట్టలన్నీ ఒక్కొక్కటిగా వెతికారు.

"చీటీలేవి అక్కా?"

"తడిసిపోతే పారేసినానమ్మా. చూడండి, ఎంత శుభ్రంగా ఏరి పెట్టినానో."

ఆవిడ ఒక గుండు తీసి నా చేతిలో పెట్టారు. "ఇది ఏ గుంటలోది?"

అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ బుట్టలో పెట్టాను.

తవ్వకానికి ఇచ్చిన గడువు అప్పటికే అయిపోవచ్చింది. తర్వాత దిబ్బ ఎవరిదో తేల్చడానికి వచ్చిన ఆఫీసరు గుండ్ల బుట్టను కాలితో కొంచెం జరిపాడు. "ఇవి దొరల కాలంవని ఎట్ట చెప్తారు? మొన్నటిదాకా ఇట్టాంటివే కట్టేవాళ్లు గదా." మేడం నా వైపు చూడలేదు.

మమ్మల్ని సముద్రానికి దూరంగా కాలనీకి మార్చారు. దిబ్బ ఉన్నచోట ఇప్పుడు రొయ్యల గుంటలు. మావాళ్లెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. కాలనీలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను.

పోయిన నెల మేడం కబురు పెట్టారు. తవ్వకంలో దొరికిన సామానంతా వేరే ఊరికి పంపేస్తున్నారట, చివరిసారి చూసి ఏది ఎక్కడిదో గుర్తుపడతావేమో రమ్మన్నారు. తోటికోడల్ని తోడు తీసుకుని వెళ్లాను. బల్ల మీద పరిచిన గుండ్లను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకున్నాను. అన్నీ ఒకేలా ఉన్నాయి.

తిరిగి సంచుల్లో వేస్తుంటే చీటీలు కనిపించాయి. తెలుగులోనే ఉన్నాయి. కూడబలుక్కుని చదివాను. "దొరికిన చోటు తెలియదు." ఇంకో సంచి చూశాను. అదే.

"ఏం రాసుందక్కా?" అంది తోటికోడలు.

"మట్టిగుండ్లు అని" అన్నాను.